నాలుగు, నాలుగు, రెండు

మా డ్రిల్ సార్ పోయారన్న వార్త మా ఫుట్‌బాల్ క్లబ్ అభిమానుల వాట్సాప్ గ్రూపులోనే తెలిసింది. ఆ ఉదయమే చైర్మన్ ఇంకో కోచ్‌ని తీసేశాడు. ఆఫీసులో మీటింగ్ నడుస్తుంటే నేను బల్ల కింద ఫోన్ పెట్టుకుని, చైర్మన్‌ని కడిగేస్తూ పెద్ద పేరా టైప్ చేస్తున్నాను. అలాంటి పేరాలు అప్పటికే గ్రూపు నిండా ఉన్నాయి. వాటి మధ్య ఎక్కడో, సార్ నంబర్ నుంచి ఆయన కూతురు పెట్టిన రెండు ముక్కలు కనిపించాయి. "నాన్న పొద్దుగాల పోయిన్రు. ఇంటికాడనే ఉన్నరు." దాని కింద కూడా ఇద్దరు చైర్మన్‌నే తిడుతున్నారు, పాపం వాళ్ళూ చూసుకోలేదు. నేను టైప్ చేసిందంతా చెరిపేశాను. రాయదుర్గంలో ఎత్తైన అంతస్తులో అద్దాల వెనుక కూర్చుని ఉన్నాను. మీటింగులో ఎవరో నా పేరు పిలుస్తున్నారు. ఏడుపు రాలేదు, ఒళ్ళంతా అలసట కమ్మింది. ఈ మధ్య ఏ వార్త విన్నా నాకు ముందు వచ్చేది అలసటే.

సార్ మాకు జీడిమెట్ల దగ్గరి సర్కారు బడిలో వ్యాయామం మాస్టారు. ఊరంతా క్రికెట్ ఆడుతుంటే మా బడిలో మాత్రం ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. కారణం గొప్పదేమీ కాదు, బీరువాలో ఉన్న ఒకే ఒక్క బంతి అదే. సాయంత్రం గాలి మళ్ళిందంటే ఫ్యాక్టరీల మందుల వాసన మైదానం మీదికి వచ్చేది. మేం ముక్కులు మూసుకుంటే "ఆడేది ముక్కుతోని కాదురా, కాళ్ళతోని" అని ఈల ఊదేవారు. వయసులో ఉన్నప్పుడు ఆయన గోల్ కీపర్. ఎడమ చేతి చిటికెన వేలు బంతి తగిలి విరిగి, వంకరగా అతుక్కుంది. చాయ్ గ్లాసు పట్టుకుంటే ఆ వేలు ఒక్కటే పక్కకు తిరిగి, ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టు ఉండేది.

ఆటలోంచి ఎవరినైనా తీసేయాలంటే ఆయనకు ఒక పద్ధతి ఉండేది. గీత దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యేసి, వాడు చేసిన మంచి పని ఒకటి ముందు చెప్పేవారు. ఆ తర్వాతే తప్పు. నన్ను తీసేసిన రోజు ఆయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మొదట్ల ఇచ్చిన పాస్ మస్తుండె బిడ్డా. ఆ తర్వాత ఆడుడు బంద్ చేసి చూసుడు మొదలువెట్టినవ్. పో, నీళ్ళు తాగి కూసో." తిట్లు తిన్నట్టూ లేదు, తిననట్టూ లేదు. ఊరికే తీసేస్తే పిల్లవాడు రేపు మైదానానికే రాడని ఆయన నమ్మకం.

ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆయనతో నన్ను కలిపింది మా నగరం క్లబ్. పెద్ద లీగులో ఆడే క్లబ్ కాదు, దాని కింది మెట్టు మీద ఎక్కుతూ దిగుతూ ఉండేది. సార్ రిటైరై ప్రగతి నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవారు. అభిమానుల్లో ఎక్కువ మందిమి ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్ళమే కాబట్టి, ఆదివారం మ్యాచ్ అయ్యాక రాయదుర్గం మెట్రో మెట్ల కింద చాయ్ బండి దగ్గర చేరడం అలవాటు. సార్ రెండు బస్సులు మారి వచ్చేవారు. వచ్చీ రాగానే "ఇగ షురూ చెయ్యండ్రి" అనేవారు. షురూ చేసేది ఎప్పుడూ ఒక్కటే, చైర్మన్ మంచివాడా, చెడ్డవాడా, ఇన్ని కోచ్‌లను ఎందుకు మారుస్తాడు.

అక్కడ కూడా ఆయన బడి పద్ధతే పెట్టారు. చైర్మన్‌ని తిట్టాలంటే ముందు ఆయన చేసిన మంచి ఒకటి చెప్పాలి. మొదట్లో అందరం ఒకే మాట చెప్పేవాళ్ళం, గ్రౌండ్‌కు లైట్లు పెట్టించాడని. కొన్ని వారాలకు సార్ చెయ్యి అడ్డం పెట్టారు. "లైట్లు అయిపోయినయ్. ఇంకోటి చెప్పు." అప్పుడు మొదలయ్యాయి మా తిప్పలు. ఒకడు ఆడవాళ్ళకు టికెట్ అక్కర్లేదన్నాడు. ఇంకొకడు గడ్డి పచ్చగా ఉందన్నాడు. మా గుంపులో కాకినాడ నుంచి వచ్చిన టెస్టర్ ఒకతను ఉన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే అతని ఉద్యోగం, మంచి వెతకమంటే చెమటలు పట్టేవి. చాలాసేపు ఆలోచించి "బాత్రూముల్లో నీళ్ళు వస్తున్నాయండి" అన్నాడు. సార్ గ్లాసు దించి ఆ మాటను బేరీజు వేసి, "నడుస్తది, ఇగ తిట్టు" అన్నారు.

అదే టెస్టర్ ఒకసారి విసుక్కున్నాడు. "మంచి వెతికి వెతికి నాకు ఆయన మీద కోపమే పోతోందండి. ఇంక తిట్టేదెలా?"

"కోపం పోతె పోనీ బిడ్డా. కారణం మిగులుతది గదా. గది చెప్పు."

ఆ మాట నేను తర్వాత ఆఫీసులో, ఇంట్లో చాలాసార్లు తలుచుకున్నాను. కోపం తీసేసి చూస్తే నా కారణాలు చాలావరకు గ్లాసులో మిగిలిన చాయ్ పొడంతే ఉండేవి. చైర్మన్ విషయంలో మాత్రం గట్టి కారణమే మిగిలేది.

ఇదంతా చదివి సార్‌ను ఏదో రుషి అనుకోకండి. ఆయన జోస్యాలు ఒక్కటీ ఫలించలేదు. కొత్త కోచ్ వచ్చిన ప్రతిసారీ మొహం చూడగానే "ఈయన కప్పు తెస్తడు రా, రాసి పెట్టుకో" అనేవారు. రాసి పెట్టుకుని ఉంటే మాకు మిగిలేది కాగితాలే. కంటిలో శుక్లం ముదిరి అవతలి గోల్ కనపడకపోయినా రెఫరీతో గ్యాలరీ నుంచి పోట్లాడేవారు. ఆపరేషన్ మాట ఎత్తితే సీజన్ అయిపోనీ అనేవారు. మా సీజన్లు ఓటమితో అయిపోయేవి, ఆపరేషన్ మాత్రం అక్కడే ఉండేది.

ఓటమి కన్నా ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది చైర్మన్ కోచ్‌లను పంపే తీరు. ఎవరిని తీసేసినా ఒకటే ప్రకటన, అవే మాటలు, పేరు మాత్రం మారేది. మొదటిసారి ఒక విదేశీ కోచ్‌ని అలా తీసేసినప్పుడు సార్ ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశారు. "ఇంగ్లీషు మాట్లాడెటోడు కావాలె, రా" అన్నారు. ఇద్దరం కలిసి ఆ కోచ్ ఇంటికి వెళ్ళాం. సార్ చేతిలో స్టీలు డబ్బా, అందులో అమ్మ చేసిన సర్వపిండి. సార్ భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి కలిపి, గిన్నెకు అద్ది, వేలితో బొక్కలు పెట్టి, వాటిల్లో నూనె పోసి కాలుస్తుంది. డబ్బాలో పట్టేలా చిన్న చిన్నవి చేసింది.

ఆ కోచ్ సర్వపిండిని రెండు చేతుల్లో తిప్పి చూసి, బొక్కల మీద వేలు పెట్టి, ఆటగాళ్ళను నిలబెట్టే పటమా ఇది అని నన్ను అడిగాడు. నేను సార్‌కు తెలుగులో చెప్పాను. సార్ రెప్ప కొట్టకుండా "అవునని చెప్పు" అన్నారు. కోచ్ నవ్వాడు. ఆ సీజన్లో ఆయన నవ్వడం మేం చూసింది అప్పుడే. సార్ ఆయన చేసిన మంచి ఒకటి చెప్పారు, తప్పు ఒకటి చెప్పారు, నేను రెండూ ఇంగ్లీషులోకి మార్చాను. వచ్చేటప్పుడు డబ్బా అక్కడే ఉండిపోయింది.

అదే ఆనవాయితీ అయిపోయింది. కోచ్ పోతే సర్వపిండి వెళ్ళాల్సిందే. డబ్బా వాపస్ అడగడానికి సార్‌కు మొహమాటం. అమ్మ మమ్మల్ని పట్టుకుని అనేది, "వాళ్ళు కోచ్‌ను తీసేసినప్పుడల్ల నా ఇంట్ల డబ్బా పోతది. చైర్మన్‌కు చెప్పుండ్రి, ఇగ నాతాన డబ్బాల్లేవని." దీనికి తోడు సార్‌కు ఆ విదేశీ కోచ్ మాట బుర్రలోకి ఎక్కేసింది. అమ్మ పిండి అద్దుతుంటే పక్కన నిలబడి, "నాలుగు, నాలుగు, రెండు పెట్టు. వెనుక నలుగురు, నడుమ నలుగురు, ముంగట ఇద్దరు" అని బతిమాలేవారు.

"గవి నూనె పోసే బొక్కలు. నీ పోరగాళ్ళు గాదు" అని అమ్మ తనకు తోచినట్టు పొడిచేది. ఎన్ని సర్వపిండ్లు వెళ్ళినా ఆయన మాట ఒక్కసారీ చెల్లలేదు.

ఒక ఆదివారం నేను మా ఆఫీసు సంగతి చెప్పాను. మా టీం మేనేజర్‌ని ఒక్క మెయిల్‌తో పంపేశారు, సోమవారం నుంచి ఆయన కుర్చీలో ఇంకొకరు. మాకు అది కొత్తేం కాదు. ఈ ఐటీ కారిడార్‌లో మనుషులు మారడం ట్రాఫిక్ సిగ్నల్ మారినట్టే. సార్ చాయ్ తాగడం ఆపి అడిగారు, "పోయేటాయనకు ఎవలన్న ఏమన్న ఇచ్చిన్రా?"

"ఇచ్చుడు కాదు సార్, లాప్‌టాప్ వాపస్ తీసుకున్నరు."

లేచేటప్పుడు సార్ ఆ మేనేజర్ ఇల్లు ఎక్కడో కనుక్కోమన్నారు. నేను కనుక్కునే లోపల అతను బెంగళూరు వెళ్ళిపోయాడు.

సార్‌ను నేను ఆఖరుసారి చూసింది ఆయన పోవడానికి ముందు ఆదివారం. మళ్ళీ ఓడిపోయాం. అందరి ముఖాలూ వేలాడుతున్నాయి. ఇక మ్యాచ్‌లకు వెళ్ళడం మానేద్దామని టెస్టర్ అన్నాడు. గ్యాలరీ ఖాళీగా ఉంటే గానీ చైర్మన్‌కు తెలిసి రాదన్నాడు. ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. నాదీ లేచింది. నిజం చెప్పాలంటే నాకు నిరసన కన్నా నిద్ర కావాలనిపించింది, వారమంతా పనిచేసి ఆదివారం కూడా ఓడిపోవడానికి ఓపిక లేదు. సార్ మా చేతుల వైపు చూసి అన్నారు.

"ఓనరు మంచోడు కాదని కిరాయింట్ల పొయ్యి ముట్టియ్యకుంట ఉంటమా?"

జీవితమంతా కిరాయి ఇళ్ళలో ఉన్న మనిషి అడిగిన ప్రశ్న అది. చివరికి ఆయనే బేరం పెట్టారు. "ఈ కోచ్ ఉన్నదాక పోదాం. పిలగాళ్ళతోని మంచిగ మాట్లాడుతుండు. ఆయన పోయినంక మీ ఇష్టం, నేను ఆపను." సరేనన్నాం. ఆయన మాకోసం గెలుచుకున్న ఆ గడువు వారం కూడా నిలవలేదు. గురువారం పొద్దున్నే చైర్మన్ ఆ కోచ్‌నే తీసేశాడు.

గ్రూపులో ఆ వార్త చూసి నేను వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి సార్‌ను ముందు గదిలో పడుకోబెట్టారు. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి మెల్లగా చెప్పింది. "పొద్దుగాల ఫోన్ల చూసిండు. కోచ్‌ను తీసేసిన్రట, శనగపప్పు నానవెట్టు అన్నడు. నానవెట్టిన. వచ్చి చూస్తె కుర్చీల గట్లనే ఒరిగి ఉన్నడు. పప్పు ఇంక నానుతనే ఉన్నది బిడ్డా." వంటింటి గట్టు మీద ఆ గిన్నె అలాగే ఉంది. దాన్ని ఏం చేయాలో ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

శ్మశానం నుంచి తిరిగి వస్తుంటే టెస్టర్ నా పక్కన నడుస్తూ "ఇంక ఎవరి కోసమండీ?" అన్నాడు. ఆ తర్వాత గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. చైర్మన్‌ని తిట్టడం కూడా ఆగిపోయింది. అది నన్ను ఎక్కువ భయపెట్టింది. సార్ కూడగట్టిన గుంపు సార్‌తోనే పోతోందని అర్థమైంది.

దినాలన్నీ అయ్యాక ఒక సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "ఆ కోచ్ ఊరికి పోయిండా?"

"ఇంకా లేదమ్మా. సామాను సర్దుకుంటుండట."

"రేపు పొద్దుగాల రా. చేస్తున్న."

వెళ్ళేసరికి డబ్బా మూత పెట్టి, గుడ్డలో కట్టి సిద్ధంగా ఉంచింది. అది సార్ బడికి అన్నం తీసుకుపోయిన డబ్బా, మూత మీద ఆయన పేరు కొట్టించి ఉంది. ఇంట్లో మిగిలింది అదొక్కటే. "ఈ డబ్బా మాత్రం తే బిడ్డా. సిగ్గు పడకు, అడిగి తే" అంది.

కోచ్ కేరళ మనిషి. కొండాపూర్‌లో క్లబ్ ఇచ్చిన ఫ్లాటులో అట్టపెట్టెల మధ్య ఉన్నాడు. తలుపు తీసి నన్ను ఎవరా అన్నట్టు చూశాడు. హిందీలో, ఇంగ్లీషులో కలిపి చెప్పాను, ప్రాక్టీసు దగ్గర కంచె పట్టుకుని గోల్ కీపర్ల మీద అరిచే పెద్దాయన పంపారని. ఆయనకు వెంటనే గుర్తొచ్చింది, నవ్వాడు. పెద్దాయన పోయారని చెప్పాను. నవ్వు అలాగే ఆగిపోయింది.

వంటింటి గట్టు దగ్గర నిలబడ్డాం, కుర్చీలు అప్పటికే కట్టేశారు. సార్ పని నా మీద పడింది కదా, గొంతు సవరించుకున్నాను. ముందు మంచి చెప్పాను, మీరు వచ్చాక మా పిల్లలు ఓడిపోయిన రోజు కూడా గ్యాలరీ దగ్గరికి వచ్చి మాతో చేతులు కలిపి వెళ్ళారు, అంతకుముందు తలలు దించుకుని పోయేవాళ్ళు అని. తర్వాత సార్ ఎప్పుడూ అనే తప్పు చెప్పాను, అలసిపోయిన ఆటగాణ్ణి మార్చడానికి మీరు మరీ ఆలస్యం చేస్తారు అని. కోచ్ అది నిజమే అన్నాడు. ఈ ఊళ్ళో తన పనిని గురించి తన ముఖం మీద మాట్లాడింది మీరేనన్నాడు.

అప్పుడు డబ్బా మూత తీశాడు. తీసి, కదలకుండా చూస్తూ ఉండిపోయాడు. నేనూ వంగి చూశాను. పైన ఉన్న సర్వపిండి మీద బొక్కలు వరుసల్లో ఉన్నాయి. ఒక అంచు వైపు నాలుగు, నడుమ నాలుగు, అవతల రెండు. బతికున్నంత కాలం చెల్లని మాట ఇప్పుడు చెల్లింది. చూడటానికి ఆయన లేరు.

"ఫోర్ ఫోర్ టూ" అన్నాడు కోచ్. ఆ తర్వాత వేలితో లెక్కపెట్టి, తల అడ్డంగా ఊపాడు. "గోల్ కీపర్ లేడు."

గట్టు మీద మిగిలిన చెంచా ఒకటి తీసుకుని, దాని తోకతో, సర్వపిండి విరగకుండా మెల్లగా తిప్పుతూ, నలుగురి వెనుక అంచు దగ్గర ఇంకొక బొక్క పెట్టాడు. ఆటగాణ్ణి నిలబెట్టేటప్పుడు పెట్టే శ్రద్ధ పెట్టాడు. దాన్ని తుంచడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. కిందివి తీసి తిన్నాం. పైదాన్ని ఆయన కాగితంలో చుట్టి, చేతి సంచిలో చొక్కాల మడతల మధ్య పడుకోబెట్టాడు. డబ్బా వాపస్ కావాలని నేను నసుగుతూ చెబితే, తనే కడిగి, తుడిచి, మూత మీది పేరు తెలుగులో ఎలా పలకాలో అడిగి ఇచ్చాడు.

మెట్రోలో నిలబడి గ్రూపులో రాశాను. ముందు మంచి, ఈ కోచ్‌ని మనకు తెచ్చింది చైర్మనే. ఇక తిట్టు, ఆయన్ని పంపేటప్పుడు ఒక్క మంచి మాట చెప్పలేదు. ఆదివారం నేను మ్యాచ్‌కు వెళ్తున్నాను. రెండు స్టేషన్లు దాటాక టెస్టర్ రాశాడు. "నేనూ వస్తానండి. కానీ బాత్రూముల సంగతి నేను ముందే వాడేశాను, కొత్తది దొరకట్లేదు." ఆ తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు రాశారు.

డబ్బా ఇవ్వడానికి వెళ్తే అమ్మ ముందు మూత తిప్పి పేరు చూసుకుంది. తిన్నాడా అని అడిగింది. తిన్నాడని, బొక్కలు చూశాడని, ఒకటి తక్కువైందని తనే పెట్టుకున్నాడని చెప్పాను.

"తక్కువేంది? నాలుగు, నాలుగు, రెండు. ఇన్నేండ్ల సంది గదే గద అన్నడు."

"అది గోల్ కీపర్‌ను విడిచిపెట్టి చెప్పే లెక్క అమ్మా. వెనుక ఒక్కడు నిలబడతడు, వాణ్ణి ఎవ్వరూ చెప్పరు."

"మరి మీ సార్ ఏం ఆడుతుండె?"

"గోల్ కీపరే అమ్మా."

అమ్మ డబ్బాను చేతుల్లో అటూ ఇటూ తిప్పింది. "తనను తానే లెక్కల వేసుకోలేదా ఏంది, పిచ్చి మనిషి" అంది. సార్ పోయాక ఆమె ఆయన్ని తిట్టడం నేను విన్నది అదే. కాసేపటికి లేచి, కోచ్ కడిగిన డబ్బానే మళ్ళీ నల్లా కింద పెట్టి కడిగింది.

"మల్ల ఎవన్నన్న తీసేస్తే చెప్పు బిడ్డా. ఈసారి పదకొండు పెడ్త."

డబ్బాను కిటికీ గట్టు మీద బోర్లించింది. దాని అంచు నుంచి నీళ్ళు ఒక్కొక్క బొట్టే కారుతున్నాయి.